వర్చువల్ కరెన్సీ పేరుతో జరిగే మోసాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా బాబాయి పదవీ విరమణ చేసిన లెక్కల ఉపాధ్యాయుడు. రిటైర్మెంటు సొమ్ములో 19 లక్షల రూపాయలను ఆయన ఒక నకిలీ క్రిప్టో ట్రేడింగ్ యాప్‌లో పోగొట్టుకున్నారు. ఆయన వెంట బ్యాంకుకూ పోలీస్ స్టేషనుకూ తిరిగినప్పటి నుంచి బంధువులు, స్నేహితులు, వారి స్నేహితులు నన్ను అడుగుతూ వస్తున్న ప్రశ్నలకు ఇక్కడ నాకు తెలిసినంత మేరకు జవాబులు రాశాను. ఇప్పుడే డబ్బు పోయిందని గ్రహించినవారు ముందున్న ప్రశ్నలన్నీ వదిలేసి, "మోసపోయానని ఇప్పుడే తెలిసింది" అన్న ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

వర్చువల్ కరెన్సీ అంటేనే మోసమా?

కాదు. వర్చువల్ కరెన్సీ, అంటే క్రిప్టో, నోట్ల రూపంలో కాకుండా కంప్యూటర్ల మీద మాత్రమే ఉండే నాణెం. అలాంటి నాణేల్లో ఒకటైన బిట్‌కాయిన్ 2009 జనవరి నుంచి నడుస్తోంది. దాని ధర విపరీతంగా పెరగవచ్చు, పడిపోవచ్చు, కానీ ధర పడి నష్టపోవడం వేరు, మోసపోవడం వేరు. భారతదేశంలో క్రిప్టో ఆస్తులు కొనడం, అమ్మడం నేరం కాదు. బ్యాంకులు ఈ వ్యాపారానికి సేవలు అందించరాదని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసింది. అంతమాత్రాన అది చట్టబద్ధమైన ద్రవ్యమూ కాదు. రిజర్వు బ్యాంకే 2022 డిసెంబరులో సాధారణ ప్రజల కోసం ప్రయోగాత్మకంగా ప్రారంభించిన డిజిటల్ రూపాయి పూర్తిగా వేరే విషయం. ఎవరైనా "ఇది ఆర్‌బీఐ గుర్తించిన క్రిప్టో" అని చెబితే, ఆ ఒక్క మాట చాలు, అక్కడితో సంభాషణ ఆపేయడానికి.

ఈ పేజీలో మాట్లాడుతున్న మోసాల్లో చాలావాటిలో నిజానికి మన పేరున ఎప్పుడూ ఏ క్రిప్టో కొనుగోలూ జరగదు. మనం పంపిన రూపాయలు ఎవరివో బ్యాంకు ఖాతాల్లోకి వెళ్తాయి. మనకు మిగిలేది తెర మీద ఒక అంకె.

ఈ మోసం ఎలా మొదలవుతుంది?

డబ్బు ప్రస్తావనతో మొదలుకాదు. అందుకే గుర్తుపట్టడం కష్టం. పొరపాటున వచ్చినట్టు కనిపించే ఒక వాట్సాప్ సందేశం, పెళ్లి సంబంధాల వేదికలో ఒక పరిచయం, ఇంటి నుంచే చేసుకునే చిన్న ఉద్యోగమంటూ టెలిగ్రామ్‌లో ఒక పిలుపు, షేర్ల సలహాలు ఉచితంగా ఇస్తామనే ఒక గ్రూపు, ఇలా ఏదో ఒక దారిలో పరిచయం ఏర్పడుతుంది. వారాల తరబడి, కొన్నిసార్లు నెలల తరబడి, రోజూ పలకరింపులు సాగుతాయి. "టిఫిన్ చేశారా, బీపీ మాత్ర వేసుకున్నారా" అని అడిగే మనిషి మీద అనుమానం ఎలా కలుగుతుంది?

మా బాబాయిని చేర్చుకున్న గ్రూపులో దాదాపు 180 మంది ఉండేవారు. ఉదయం తొమ్మిదింటికి "సార్" ఏ నాణెం ఎప్పుడు కొనాలో చెప్పేవాడు, మధ్యాహ్నానికి తలా ఒకరు తమ లాభాల స్క్రీన్‌షాట్లు పెట్టేవారు, సాయంత్రం ఒకావిడ కూతురి ఫీజు కట్టేశానని ఆనందంతో రాసేది. ఆయన ఆ గ్రూపును రెండు వారాలు మౌనంగా చదివారు, ఆ తరువాతే 5,000 రూపాయలు కట్టారు. ఆయన తొందరపడలేదు, ఆ మాట ఇక్కడ చెప్పి తీరాలి. తరువాత ఫిర్యాదు కోసం ఆ సందేశాలన్నీ మళ్లీ చదివినప్పుడు మాకు తెలిసిందేమిటంటే, నాలుగైదు నంబర్ల నుంచి వచ్చిన సందేశాల్లో ఒకే వాక్యాలు, ఒకే అక్షర దోషాలతో సహా, పేర్లు మారి తిరిగి తిరిగి వచ్చాయి.

యాప్‌లో లాభం స్పష్టంగా కనిపిస్తోంది. ఒకసారి డబ్బు వెనక్కి తీసుకున్నాను కూడా. అయినా మోసమేనా?

నన్ను అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఆ యాప్‌లో, ఆ వెబ్‌సైట్‌లో కనిపించే ధరల గీతలు నిజమైన మార్కెట్ నుంచి తెచ్చినవే కావచ్చు, కానీ మీ పేరు కింద కనిపించే నిల్వ మాత్రం మోసగాడు తన చేతితో వేసిన అంకె. సిమెంటు గోడ మీద సుద్దముక్కతో ఎంత పెద్ద సంఖ్యనైనా రాయవచ్చు కదా, ఇదీ అంతే.

మొదట్లో వెనక్కి వచ్చే చిన్న మొత్తం ఎర. మా బాబాయి ఐదు వేలు కట్టిన నాలుగో రోజున 4,500 రూపాయలు వెనక్కి తీసుకున్నారు, ఆ డబ్బు నిజంగానే ఆయన ఖాతాలో పడింది. ఆ డబ్బు పంపింది కంపెనీ కాదు, అంతకుముందు మోసపోయిన మరొకరి సొమ్ము అయ్యే అవకాశమే ఎక్కువ. కానీ ఆ 4,500 రూపాయలు చూసిన ధైర్యంతోనే ఆయన తరువాతి ఆరు వారాల్లో మిగిలిన మొత్తమంతా కట్టారు. కనుక "ఒకసారి విత్‌డ్రా అయింది" అన్నది నమ్మకానికి ఆధారం కాదు. మొత్తం డబ్బును, అసలుతో సహా, ఒకేసారి తీసుకోబోయినప్పుడు ఏమవుతుందో చూడండి. నిజమైన వేదిక అయితే ఇస్తుంది. నకిలీది అయితే ఆ క్షణం నుంచే కొత్త షరతులు పుడతాయి.

ఇంకొకటి గమనించండి. మీరు రూపాయలు పంపిన ఖాతా ఎవరి పేరున ఉంది? ఒకసారి ఏదో ట్రేడర్స్, మరొకసారి ఎవరో వ్యక్తి, ఇంకోసారి వేరే రాష్ట్రంలోని ఒక చిన్న సంస్థ పేరుంటే, అది ఏ ఎక్స్ఛేంజీ (క్రిప్టో కొని, అమ్మే వేదిక) ఖాతా కాదు.

డబ్బు తీసుకోవాలంటే ముందుగా పన్ను కట్టమంటున్నారు. కట్టాలా?

కట్టకండి. ఒక్క రూపాయి కూడా.

మన దేశంలో క్రిప్టో లాభాలపై 2022 ఏప్రిల్ 1 నుంచి 30 శాతం పన్ను ఉన్నమాట, 2022 జులై 1 నుంచి అమ్మకపు విలువలో 1 శాతం టీడీఎస్ కోత ఉన్నమాట వాస్తవమే. మోసగాళ్లకు ఈ నిబంధనలు బాగా తెలుసు, అందుకే ఆ మాటలనే వాడతారు. కానీ టీడీఎస్ అనేది మీకు ఇచ్చే సొమ్ములోంచి కోసేది తప్ప, మీ దగ్గర కొత్తగా వసూలు చేసేది కాదు. మిగిలిన ఆదాయపు పన్ను మీరు ప్రభుత్వానికి చెల్లిస్తారు, ఒక యాప్ కస్టమర్ కేర్ చెప్పిన ప్రైవేటు ఖాతాకు కాదు. "పన్ను" తరువాత "ఖాతా ధ్రువీకరణ రుసుము", దాని తరువాత "మనీలాండరింగ్ అనుమానం తొలగించడానికి డిపాజిట్", ఆ పైన "ఆలస్య రుసుము" వస్తాయి. మా బాబాయి పోగొట్టుకున్న 19 లక్షల్లో నాలుగున్నర లక్షలు ఇలా చిక్కుకుపోయిన డబ్బును విడిపించుకోవడానికి కట్టినవే, అందులో రెండు లక్షలు అప్పు తెచ్చినవి.

మమ్మల్ని చేర్పించింది మా బంధువే. ఆయన మోసం చేస్తాడా?

ఆయనకు తెలియకపోవచ్చు. గొలుసుకట్టు పథకాల బలమే అది: మనకు తెలిసిన మనిషి నోటి నుంచి ఆ మాట వస్తుంది. చీటీ కట్టేటప్పుడు మనిషిని చూసి కట్టే అలవాటు మనది, ఆ అలవాటునే వీళ్లు పెట్టుబడిగా పెట్టుకుంటారు.

వన్‌కాయిన్ సంగతి చూడండి. 2014లో బల్గేరియా కేంద్రంగా మొదలైన ఆ "నాణెం" వెనుక నిజమైన బ్లాక్‌చెయిన్ (క్రిప్టో లావాదేవీలన్నీ నమోదయ్యే ఉమ్మడి చిట్టా) అనేదే లేదు. అయినా ప్రపంచవ్యాప్తంగా దాదాపు 400 కోట్ల డాలర్లు వసూలయ్యాయి. దాన్ని నడిపిన రూజా ఇగ్నటోవా 2017 అక్టోబరులో అదృశ్యమైంది. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 2022లో ఆమెను అత్యంత కావలసిన పదిమంది నేరస్థుల జాబితాలో చేర్చింది. మన దేశంలోనే గెయిన్‌బిట్‌కాయిన్ పేరుతో అమిత్ భరద్వాజ్ నడిపిన పథకం, బిట్‌కాయిన్లు ఇస్తే 18 నెలల పాటు నెలకు 10 శాతం రాబడి ఇస్తామని చెప్పింది. చెల్లింపులు భారమయ్యాక బిట్‌కాయిన్లకు బదులుగా తామే సృష్టించిన విలువలేని మరో నాణేన్ని చేతిలో పెట్టింది. అతడు 2018లో అరెస్టయ్యాడు, 2022 జనవరిలో మరణించాడు, కేసు ఇప్పుడు సీబీఐ చేతిలో ఉంది. రోజుకో నెలకో ఇంత శాతం ఖాయమని చెప్పే ఏ క్రిప్టో పథకమైనా అబద్ధమే, ఎందుకంటే గంటకొక రకంగా మారే ధర నుంచి ఖాయమైన రాబడి పుట్టే మార్గం లేదు.

చేర్పించిన బంధువు కమీషన్ తీసుకుని ఉంటే ఆయనపై కూడా చట్టం వర్తించవచ్చు. గొలుసుకట్టు పథకాలను నిషేధించిన 1978 నాటి చట్టం, అనధికార డిపాజిట్ల నిషేధానికి 2019లో వచ్చిన చట్టం రెండూ ఇటువంటి వాటికోసమే ఉన్నాయి. ఆయనా నష్టపోయి ఉంటే ఇద్దరూ కలిసి ఫిర్యాదు చేయడం మంచిది.

చదువుకున్నవాళ్లు, లోకం తెలిసినవాళ్లు కూడా ఇందులో ఎలా పడతారు?

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఎల్క్‌హార్ట్ అనే చిన్న ఊరిలో హార్ట్‌లాండ్ ట్రై-స్టేట్ బ్యాంకు ఉండేది. దాని ముఖ్య కార్యనిర్వహణాధికారి షాన్ హేన్స్, డబ్బు వ్యవహారాల్లోనే జీవితం గడిపిన మనిషి, ఇటువంటి క్రిప్టో మోసంలో చిక్కుకున్నాడు. ఇరుక్కుపోయిన సొమ్మును విడిపించుకోవాలన్న తపనతో 2023లో కొద్ది వారాల్లోనే బ్యాంకు నుంచి 4 కోట్ల 71 లక్షల డాలర్లు పంపేశాడు, అంతకుముందే చర్చి నిధులను, కూతురి కాలేజీ చదువు కోసం దాచిన డబ్బును కూడా వాడేశాడు. ఆ ఏడాది జులైలో బ్యాంకు మూతపడింది. 2024 ఆగస్టులో అతడికి 24 సంవత్సరాలకు పైగా జైలుశిక్ష పడింది. అతడు చేసింది నేరమే, దాన్ని సమర్థించడం లేదు. కానీ ఒక బ్యాంకు అధిపతినే అంత దూరం లాక్కుపోగలిగిన ఉచ్చు ముందు, "అంత అమాయకంగా ఎలా నమ్మావు" అని ఇంట్లోవాళ్లను నిలదీసే హక్కు మనకు లేదు.

2024 సంవత్సరంలో క్రిప్టోతో ముడిపడిన నేరాల వల్ల 930 కోట్ల డాలర్లు నష్టపోయినట్టు ఎఫ్‌బీఐకి ఫిర్యాదులు అందాయి. అందులో 60 ఏళ్లు దాటినవారు పోగొట్టుకున్నదే 280 కోట్లు. ఈ రకం మోసాన్ని పందిని మేపి కోయడంతో పోల్చే ఒక చైనీస్ పేరు వాడుకలో ఉంది. ఆ పేరు బాధితులను అవమానించి, వారు ముందుకు రాకుండా చేస్తోందని, దాన్ని వాడవద్దని 2024 డిసెంబరులో ఇంటర్‌పోల్ కోరింది. నేనూ వాడను.

అవతలి వైపు ఉండేది ఎవరు?

కొన్నిసార్లు వారూ బందీలే. కంబోడియా, మయన్మార్, లావోస్‌లలో ఎత్తయిన ప్రహరీల వెనుక నడిచే శిబిరాలకు డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ యువతను రప్పించి, పాస్‌పోర్టులు లాక్కుని, ఈ పని చేయిస్తున్నారు. 2024 మే నెలలో కంబోడియాలోని సిహనౌక్‌విల్‌లో చిక్కుకున్న భారతీయులు తిరగబడిన తరువాత, విశాఖపట్నం పోలీసులు చేపట్టిన కేసుల ద్వారా మన ప్రాంతం నుంచి ఎందరు ఇలా వెళ్లారో బయటపడింది. తెలుగులో అంత ఆప్యాయంగా సందేశాలు రాసింది ఎవరన్న ప్రశ్నకు కొంత జవాబు అక్కడ ఉంది. పైన ఉండి లాభపడేవారి స్థాయి వేరు: 2025 అక్టోబరులో అమెరికా న్యాయశాఖ కంబోడియాకు చెందిన ప్రిన్స్ గ్రూపు అధిపతి చెన్ జీపై అభియోగాలు మోపుతూ, 1,27,271 బిట్‌కాయిన్ల జప్తు కోరింది. అప్పటి ధరలో వాటి విలువ సుమారు 1,500 కోట్ల డాలర్లు.

మోసపోయానని ఇప్పుడే తెలిసింది. ఈ క్షణంలో ఏం చేయాలి?

సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఇంట్లో ఏం చెప్పాలి, ఎవరు ఏమనుకుంటారు అన్నవన్నీ తరువాత. ఆ నంబరుకు మీరు చెప్పే వివరాలు కేంద్ర హోంశాఖ కింద ఉన్న వ్యవస్థ ద్వారా సంబంధిత బ్యాంకులకు చేరుతాయి, డబ్బు ఇంకా ఏదైనా ఖాతాలో ఉంటే దాన్ని అక్కడే నిలిపివేస్తారు. మోసగాళ్లు ఆ సొమ్మును నిమిషాల్లో ఒక ఖాతా నుంచి నాలుగు ఖాతాలకు, అక్కడి నుంచి మరో పదింటికి మారుస్తూ పోతారు, చివరకు యూఎస్‌డీటీ వంటి డాలరు విలువతో ముడిపడిన నాణెంగా మార్చి దేశం దాటిస్తారు. ఆ ఆఖరి మెట్టు దాటకముందే పట్టుకోవాలి. మా బాబాయి ఆఖరి చెల్లింపు తరువాత పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. సైబర్ విభాగంలో మా ఫిర్యాదు చూసిన ఎస్సై గారు ఆయన్ను ఒక్క మాట అనలేదు, తేదీల వంక చూసి, "సార్, ఆ రోజే వచ్చుంటే" అని ఆగిపోయారు.

ఫోన్ కలవకపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. మీ బ్యాంకుకు కూడా విడిగా రాతపూర్వకంగా తెలియజేసి, రసీదు తీసుకోండి. మీరు నిజమైన ఎక్స్ఛేంజీలో క్రిప్టో కొని అక్కడి నుంచి మోసగాడి వాలెట్‌కు (క్రిప్టో దాచుకునే డిజిటల్ పర్సు) పంపి ఉంటే, ఆ ఎక్స్ఛేంజీకి వెంటనే చెప్పండి. జరిగిన బదిలీని వారు వెనక్కి తిప్పలేరు, కానీ ఆ చిరునామా మరో ఎక్స్ఛేంజీదైతే పోలీసుల లేఖతో అక్కడ నిలిపివేయించే వీలుంటుంది.

నేరం ఎక్కడ జరిగిందన్న దానితో సంబంధం లేకుండా ఏ పోలీస్ స్టేషనులోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయవచ్చు. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఉంది, రెండు రాష్ట్రాల్లోనూ సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్లు ఉన్నాయి.

ఏ ఆధారాలు దాచాలి?

కోపంతోనో భయంతోనో చాట్ తొలగించకండి, యాప్‌ను తీసేయకండి, గ్రూపు నుంచి బయటకు రాకండి. ముందుగా స్క్రీన్‌షాట్లు తీయండి. బ్యాంకు బదిలీలకు యూటీఆర్ నంబర్లు (ప్రతి బదిలీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య), డబ్బు వెళ్లిన ఖాతాల నంబర్లు, యూపీఐ ఐడీలు, వెబ్‌సైట్ పూర్తి చిరునామా, మీతో మాట్లాడిన ఫోన్ నంబర్లు కావాలి. క్రిప్టో పంపి ఉంటే వాలెట్ చిరునామాను, 64 అక్షరాంకెల లావాదేవీ గుర్తింపును చేతితో రాయకుండా కాపీ చేసి పెట్టుకోండి, ఒక్క అక్షరం తప్పినా పనికిరాదు.

మా బాబాయి దగ్గర అన్నిటికంటే పనికొచ్చింది ఆయన రూళ్ల నోటుపుస్తకం. బడిలో మార్కులు వేసిన అలవాటుతో తేదీ, కట్టినది, వచ్చినది, యాప్‌లో నిల్వ అని నాలుగు గడులు గీసి, ప్రతిరోజూ నీలం సిరాతో నింపారు. ఎస్సై గారు ఫిర్యాదులోని పట్టికను దాన్ని చూసే పూర్తి చేశారు, నాలుగో గడి తప్ప.

పోయిన డబ్బు తిరిగి వస్తుందా?

కొంత రావచ్చు, చాలాసార్లు మొత్తం రాదు. ఖాతాల్లో నిలిచిపోయిన సొమ్మును కోర్టు ఉత్తర్వుతో బాధితులకు తిరిగి ఇస్తారు. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా ఇలా చాలామందికి చెల్లింపులు జరిగాయి. యూఎస్‌డీటీగా మారినదాన్ని కూడా దర్యాప్తు సంస్థలు కోరితే దాన్ని జారీచేసే సంస్థ స్తంభింపజేయగలదు, అయితే అందుకు చిరునామా త్వరగా దొరకాలి. మా బాబాయికి ఇప్పటివరకు తిరిగి వచ్చింది 1 లక్షా 36 వేలు.

పోయిన క్రిప్టోను రాబట్టి ఇస్తామని ఒక సంస్థ సంప్రదించింది. నమ్మవచ్చా?

వద్దు. మోసపోయినవారి జాబితా మోసగాళ్ల దగ్గరే ఉంటుంది, "హ్యాకర్లం", "న్యాయవాదులం", "సైబర్ విభాగం అధికారులం" అంటూ వచ్చేది చాలావరకు వారే. ముందుగా రుసుము అడిగితే ఇక చెప్పనవసరం లేదు. మీ వాలెట్‌కు చెందిన 12 లేదా 24 పదాల రహస్య వాక్యాన్ని అడిగే ఎవరికీ, ఏ కారణం చేతా, చెప్పకండి. ఆ పదాలు తెలిసినవాడే ఆ వాలెట్‌కు యజమాని.

కమీషన్ ఇస్తాం, మీ బ్యాంకు ఖాతా వాడుకోనివ్వమంటున్నారు. తప్పేముంది?

అది నేరంలో పాలుపంచుకోవడమే. 2023 జులైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన 712 కోట్ల రూపాయల కేసులో, టెలిగ్రామ్‌లో రేటింగులు, రివ్యూలు రాసే పార్ట్‌టైమ్ ఉద్యోగాల పేరుతో సుమారు 15,000 మంది నుంచి వసూలైన సొమ్ము ఇలాంటి ఖాతాల గుండానే ప్రవహించి, క్రిప్టోగా మారి విదేశాలకు చేరింది. చదువుకునే పిల్లలు జేబు ఖర్చుల కోసం ఖాతా, సిమ్‌కార్డు, ఏటీఎం కార్డు ఇచ్చేసి నిందితులవుతున్నారు. అలాగే యూఎస్‌డీటీని నేరుగా అపరిచితులకు అమ్మేవారు కూడా జాగ్రత్తపడాలి: మీకు వచ్చిన రూపాయలు ఎవరో బాధితుడివి అయితే, మీ ఖాతా ఏ మాత్రం ముందస్తు కబురు లేకుండా స్తంభించిపోతుంది.

నేను అమెరికాలో ఉంటున్నాను. ఎవరికి చెప్పాలి?

మీ బ్యాంకుకు, ఆ వెంటనే ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదుల కోసం ఎఫ్‌బీఐ నిర్వహించే ఐసీ3 వెబ్‌సైట్‌కు. డబ్బు మీ తల్లిదండ్రులు భారతదేశంలోని ఖాతా నుంచి పంపి ఉంటే, ఫిర్యాదు వారి పేరుతో 1930కి వెళ్లాలి.

ఎక్స్ఛేంజీ నిజమైనదో కాదో ఎలా తెలుసుకోవాలి?

2023 మార్చి నుంచి మన దేశంలో సేవలందించే క్రిప్టో వేదికలన్నీ ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదు కావాలి. నమోదు కాని తొమ్మిది విదేశీ వేదికలకు ఆ సంస్థ 2023 డిసెంబరులో షోకాజ్ నోటీసులిచ్చింది. నమోదు ఉన్నంత మాత్రాన మీ పెట్టుబడికి భరోసా ఉన్నట్టు కాదు. చాట్‌లో వచ్చిన లింకు నుంచి మాత్రం ఏ యాప్‌నూ దించుకోకండి, పేరున్న ఎక్స్ఛేంజీల పేర్లలో ఒక అక్షరం మార్చి నకిలీ సైట్లు పెడుతున్నారు.

మా నాన్నగారు ఇలాంటి దాంట్లో ఉన్నారని అనుమానం. అడిగితే కోప్పడుతున్నారు. ఎలా కదిలించాలి?

"అది మోసం" అని మొదలుపెట్టకండి. ఆ మాట అవతలివారు ముందే చెప్పి ఉంచుతారు: "మీ వాళ్లు అడ్డుపడతారు, వాళ్లకు దీని విలువ తెలియదు" అని. అటువైపు రోజూ పలకరించే మనిషి ఉన్నాడు, ఇటువైపు మనం నెలకొకసారి ఫోన్ చేస్తున్నాం. పక్కన కూర్చుని, యాప్ చూపించమని కుతూహలంగా అడగండి. మొత్తం డబ్బు ఒకసారి తీసి చూద్దామని అడగండి, కొత్తగా ఒక్క రూపాయి కూడా కట్టకుండా.

మా పిన్ని అలాగే చేసింది. బాబాయి విత్‌డ్రా మీట నొక్కారు. "ముందుగా 20 శాతం చెల్లించండి" అని వచ్చింది. అంతకు ముందు మూడుసార్లు అదే సందేశం వచ్చినట్టు ఆమెకు అప్పుడే తెలిసింది. ఆమె ఏమీ అనకుండా నోటుపుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది. ఆయన కాసేపు చూసి, స్కేలు తెమ్మని, నాలుగో గడిని పై నుంచి కింది దాకా ఎర్ర సిరాతో కొట్టేశారు. తరువాత కట్టినది, వచ్చినది అన్న రెండు గడులు విడివిడిగా కూడుకుని, నాకు ఫోన్ చేశారు.